మగ్గం వర్క్ షాపు గూగుల్‌లో కనిపించాలంటే: హైదరాబాద్ చిన్న వ్యాపారికి ఎస్‌ఈఓ మార్గదర్శి

కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్, మణికొండ, ఏ.ఎస్.రావు నగర్... హైదరాబాద్‌లో ఎటు వెళ్లినా మగ్గం వర్క్ బోర్డులు కనిపిస్తాయి. వాటిలో చాలా షాపులకు ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉంటుంది, కొన్నిటికి వెబ్‌సైట్ కూడా ఉంటుంది. అయినా పెళ్లి కుదిరిన ఇంట్లో ఎవరైనా ఫోన్ తీసి వెతికితే ఎప్పుడూ అవే నాలుగైదు షాపులు పైన వస్తాయి. మిగతా వాళ్లకు పనితనం లేక కాదు. వాళ్లు ఏం చేస్తారో, ఎంతకు చేస్తారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో గూగుల్ చదవగలిగేలా ఎక్కడా రాసి ఉండదు, అంతే.

ఈ మార్గదర్శికి అలాంటి ఒక బొటిక్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. మీది ట్యూషన్ సెంటర్ అయినా, పళ్ల డాక్టర్ క్లినిక్ అయినా, ఏసీ రిపేర్ షాపు అయినా పద్ధతి ఇదే. నా లెక్కలో ఎస్‌ఈఓలో, అంటే గూగుల్‌లో వెతికితే మన పేజీ పైన వచ్చేలా చూసుకునే పనిలో, సగానికి పైగా పని ఒక్కటే: కౌంటర్ దగ్గర గిరాకీ అడిగే ప్రశ్నలకు వాళ్ల మాటల్లోనే జవాబు రాసి పెట్టడం. సాంకేతిక సర్దుబాట్లూ అవసరమే, కానీ వాటి వంతు తక్కువ.

ముందు కాస్త సిద్ధాంతం

గూగుల్ పని మూడు దశల్లో జరుగుతుంది. గూగుల్‌బాట్ అనే ప్రోగ్రామ్ ఒక లింకు నుంచి ఇంకో లింకుకు వెళ్తూ పేజీలను చదువుతుంది. దీన్నే క్రాలింగ్ అంటారు. చదివినదాన్ని అర్థం చేసుకుని తన ఇండెక్స్‌లో దాచుకుంటుంది. చదివిన ప్రతి పేజీనీ దాచుకోవాలని రూలేమీ లేదు, పనికిరాదనుకుంటే వదిలేస్తుంది. మనం ఏదైనా వెతికినప్పుడు ఆ ఇండెక్స్‌లోంచి సరిపోయే పేజీలను తీసి వరుసలో పెడుతుంది. మీ సైట్ కనిపించడం లేదంటే ఈ మూడింటిలో ఎక్కడ ఆగిందో ముందు తేల్చుకోవాలి. ఇండెక్స్‌లోనే లేని పేజీకి ర్యాంకు గురించి టెన్షన్ పడటం దండగ.

వరుస పెట్టే పద్ధతి చాలా మారింది. 1998లో లారీ పేజ్, సెర్గీ బ్రిన్ గూగుల్‌ను మొదలుపెట్టినప్పుడు దాని బలం పేజ్‌ర్యాంక్. ఒక పేజీకి ఎవరు లింకు ఇస్తున్నారు, ఆ ఇచ్చేవాళ్ల విలువెంత అని చూసే లెక్క అది. అది తెలిశాక జనం లింకులు కొనడం, ఒకే మాటను పేజీ నిండా నింపడం మొదలుపెట్టారు. 2011లో వచ్చిన పాండా అప్‌డేట్ సరుకు లేని పేజీలను కిందికి నెట్టింది. 2012లో పెంగ్విన్ అప్‌డేట్ కొన్న లింకుల పని పట్టింది. 2015లో ర్యాంక్‌బ్రెయిన్, 2019లో బెర్ట్ వచ్చాక మాట మాటకూ సరిపోల్చడం కాకుండా మొత్తం ప్రశ్న అర్థాన్ని పట్టుకోవడం మెరుగైంది. కాబట్టి ఎవరైనా మీకు "కీవర్డ్ (జనం వెతికే మాట) పేజీలో ఇంత శాతం ఉండాలి" అని చెబితే ఆ పాఠం పాతబడిందని గుర్తుపట్టండి. పేజీ కోడ్‌లో కనిపించకుండా మాటల జాబితా రాసే మెటా కీవర్డ్స్ ట్యాగ్ కూడా అంతే. ర్యాంకుకు దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

మొదటి అడుగు: గిరాకీ మాటలు పోగేయండి

ఏ టూలూ తెరవకముందు మీ షాపు వాట్సాప్ తెరవండి. గత కొన్ని నెలల మెసేజ్‌లు చదువుతూ ప్రశ్నలను ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. "మేడమ్, బ్లౌజ్ పీస్ మేమే తేవాలా?" "స్టిచింగ్‌తో కలిపి ఎంత అక్కా?" "చేతులకు మాత్రమే వర్క్ చేస్తారా?" "కంచి పట్టుకి జర్దోసీ బాగుంటుందా, పూసలా?" "డ్రై క్లీనింగ్‌కి ఇస్తే రాళ్లు ఊడిపోతాయా?" "కంప్యూటర్ వర్క్‌కీ మగ్గం వర్క్‌కీ తేడా ఏంటి?" డబ్బు పెట్టి కొన్న ఏ టూలూ ఇంత మంచి జాబితా ఇవ్వదు. ఇవే ప్రశ్నలను మీ నంబర్ తెలియనివాళ్లు గూగుల్‌లో కొడుతున్నారు.

తర్వాత ఆ మాటలను ఒక్కొక్కటిగా గూగుల్‌లో టైప్ చేస్తూ, కింద వచ్చే సూచనలను చూడండి. ఫలితాల మధ్యలో కనిపించే 'పీపుల్ ఆల్సో ఆస్క్' డబ్బాలోని ప్రశ్నలనూ రాసుకోండి. గూగుల్ ట్రెండ్స్‌లో ప్రాంతాన్ని తెలంగాణకు మార్చి, రెండు మాటల్లో దేన్ని ఎక్కువగా వెతుకుతున్నారో పోల్చవచ్చు. అక్కడ కనిపించే 0 నుంచి 100 అంకెలు ఎంతమంది వెతికారో చెప్పవు. ఆ మాట బాగా ఊపులో ఉన్న సమయంతో పోలిస్తే మిగతా రోజుల్లో ఎంత ఉందో మాత్రమే చెబుతాయి. వీటిని సెర్చ్‌ల సంఖ్య అనుకుని కంగారుపడేవాళ్లు చాలామంది.

ఇప్పుడు అసలు పని. జాబితాలోని ప్రతి మాట పక్కనా ఆ మనిషికి ఏం కావాలో రాయండి. "మగ్గం వర్క్ డిజైన్స్" అని కొట్టినవాళ్లకు బొమ్మలు కావాలి. వాళ్లు పింటరెస్ట్‌లోనో యూట్యూబ్‌లోనో కాసేపు చూసి వెళ్లిపోతారు. "మగ్గం వర్క్ క్లాసెస్" అన్నవాళ్లు నేర్చుకోవాలనుకుంటున్నారు. "బ్రైడల్ మగ్గం వర్క్ ప్రైస్" అన్నవాళ్లో, వెనకాల "కేపీహెచ్‌బీ" అని తగిలించినవాళ్లో పర్సు తీయడానికి సిద్ధంగా ఉన్నారు. మొదటి మాటను వెతికేవాళ్లు ఎక్కువ కాబట్టి అందరూ దాని వెనకే పడతారు. నన్నడిగితే చిన్న షాపు దాని జోలికే పోవద్దంటాను. మూడో రకం మాటలను వెతికేవాళ్లు తక్కువే అయినా, వాళ్లలో షాపు దాకా వచ్చేవాళ్లు ఎక్కువ.

'నియర్ మి' అనే మాటను పేజీలో రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు. వెతికే మనిషి ఎక్కడున్నాడో గూగుల్‌కు ఫోన్ ద్వారా తెలుస్తుంది. మీరు ఎక్కడున్నారో దానికి స్పష్టంగా తెలియాలి. దానికి దారి వేరే ఉంది.

రెండో అడుగు: గూగుల్ బిజినెస్ ప్రొఫైల్

గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్‌లో మీ షాపు పేరు, అడ్రస్, ఫోన్, రివ్యూలు చూపించే పేజీ ఇది. స్థానిక వ్యాపారానికి వెబ్‌సైట్ కన్నా ముందు చూసుకోవలసింది ఇదే. మ్యాప్‌తో పాటు వచ్చే మూడు షాపుల డబ్బాలో మీ పేరు ఉంటే, కింద వెబ్‌సైట్ ఎక్కడున్నా ఫోన్ మోగుతుంది. పైగా ఇది ఉచితం. పూర్వం దీన్ని గూగుల్ మై బిజినెస్ అనేవారు, 2021లో పేరు మారింది.

ఈ డబ్బాలో ఎవరిని చూపించాలనేదానికి గూగుల్ మూడు ఆధారాలు చెబుతుంది: అడిగినదానికి మీరు ఎంత సరిపోతారు, ఎంత దూరంలో ఉన్నారు, ఎంత పేరుంది. దూరం మీ చేతిలో లేదు. మియాపూర్ షాపు ఉప్పల్‌లో వెతికేవాళ్లకు పైన రావాలని కోరుకోవడం అత్యాశ. మిగతా రెండూ మీ చేతిలోనివే.

పేరు దగ్గర బోర్డు మీద ఏముందో అదే రాయండి. పేరు వెనక "బెస్ట్ మగ్గం వర్క్ ఇన్ కూకట్‌పల్లి" అని తగిలించడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. ప్రొఫైల్ సస్పెండ్ అయితే తిరిగి తెచ్చుకోవడానికి పడే పాట్లు మామూలుగా ఉండవు, అదీ పెళ్లిళ్ల సీజన్‌లో అయితే మరీను. ప్రధాన కేటగిరీని జాగ్రత్తగా ఎంచుకోండి. మీరు ముఖ్యంగా ఎంబ్రాయిడరీ చేస్తూ 'చీరల దుకాణం' అని పెట్టుకుంటే చీరల కోసం వెతికేవాళ్ల మధ్య పోటీకి దిగినట్టే. ఇంటి నుంచి పని చేసేవాళ్లు, గిరాకీని ఇంటికి రానివ్వని వాళ్లు అడ్రస్ దాచి, సేవలు అందించే ప్రాంతాలను మాత్రం చూపించవచ్చు.

హైదరాబాద్ అడ్రస్‌లతో ఒక తిరకాసు ఉంది. ఇంటి నంబర్ చూసి ఎవరూ రారు, మెట్రో పిల్లర్ నంబర్ చూసి వస్తారు. అడ్రస్ గడిలో పోస్టల్ అడ్రస్‌నే ఉంచి, "ఫలానా పిల్లర్ ఎదురుగా, ఫలానా స్వీట్ షాపు సందులో" అనే గుర్తులను వివరణలోనూ, మీ సైట్‌లోని కాంటాక్ట్ పేజీలోనూ రాయండి. షాపు పేరు, అడ్రస్, ఫోన్ నంబర్ మీ సైట్‌లో, జస్ట్‌డయల్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకేలా ఉండాలి. పాత నంబర్ ఒకచోట, కొత్తది ఇంకోచోట ఉంటే గూగుల్ సంగతేమో గానీ గిరాకీ మాత్రం పోతుంది.

రివ్యూలు అడగడానికి సరైన సమయం బ్లౌజ్ చేతికిచ్చే రోజు కాదు, ఫంక్షన్ అయిన మర్నాడు. అప్పుడు ఫొటోలు కూడా ఉంటాయి. వాట్సాప్‌లో రివ్యూ లింకు పంపి, "ఏ వర్క్ చేయించుకున్నారో రెండు మాటలు రాయండి" అని అడగండి. రివ్యూకి డిస్కౌంట్ ఇస్తామనడం, డబ్బిచ్చి రాయించడం రెండూ నిషిద్ధం. చెడ్డ రివ్యూ వస్తే వాదించకుండా మర్యాదగా జవాబివ్వండి. ఆ జవాబును రేపు చదివేది కొత్త గిరాకీ.

మూడో అడుగు: పేజీ రాయడం

ఒక అవసరానికి ఒక పేజీ. బ్రైడల్ బ్లౌజ్‌లకు ఒకటి, మామూలు ఫంక్షన్ వర్క్‌కు ఒకటి, రేట్లకు ఒకటి, క్లాసులు చెబితే వాటికి ఒకటి. అన్నీ హోమ్ పేజీలో కుక్కితే ఏ ప్రశ్నకూ అది సరైన జవాబు కాదు.

ముందు రేట్ల పేజీ రాయండి. చాలామంది బొటిక్ వాళ్లు "ప్రైస్ కోసం మెసేజ్ చేయండి" అని వదిలేస్తారు. డిజైన్‌ను బట్టి రేటు మారుతుందన్నది నిజమే. అయితే దేన్ని బట్టి మారుతుందో చెప్పవచ్చు కదా. చేతులకు మాత్రమేనా, మెడ, వీపు కూడానా? జర్దోసీనా, కుందనా, కట్ వర్కా? మగ్గం మీద ఎన్ని రోజుల పని? లైనింగ్, స్టిచింగ్ కలిపా, విడిగానా? అర్జెంటుగా కావాలంటే ఎంత ఎక్కువ? ఇవన్నీ రాసి, కింద మీరు నిజంగా చేసిన ఆరేడు బ్లౌజ్‌ల ఫొటోలు పెట్టి, ఒక్కోదాని కింద ఎంత పడిందో, ఎన్ని రోజులు పట్టిందో రాయండి. ఇలాంటి పేజీని ఇంకెవరూ కాపీ కొట్టలేరు. నాణ్యతను అంచనా వేసేవాళ్లకు ఇచ్చే మార్గదర్శకాల్లో గూగుల్ 2022 డిసెంబర్‌లో 'స్వానుభవం' అనే అంశాన్ని చేర్చింది. మగ్గం ముందు కూర్చున్న మీ కారిగర్ ఫొటో, మీరు వాడే జరీ గురించి రెండు ముక్కలు దానికి మంచి రుజువు.

టైటిల్ ట్యాగ్ విషయంలో నిదానించండి. వెతికినవాళ్లకు నీలి అక్షరాల్లో కనిపించే వాక్యం అదే. "హోమ్" అనో, ఉత్త షాపు పేరో పెట్టి వదిలేయొద్దు. "కూకట్‌పల్లిలో బ్రైడల్ మగ్గం వర్క్: రేట్లు, ఫొటోలు, డెలివరీ సమయం", ఆ తర్వాత షాపు పేరు. ముఖ్యమైన మాటలు ముందు ఉండాలి, ఎందుకంటే పొడవైతే ఫోన్‌లో చివర తెగిపోతుంది. మీ టైటిల్ నచ్చకపోతే గూగుల్ తనే మార్చి చూపిస్తుంది కూడా. టైటిల్ కింద కనిపించడానికి మనం రాసే మెటా వివరణ ర్యాంకును పెంచదు. కానీ అది చదివే క్లిక్ చేస్తారు కాబట్టి రాయండి.

ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి లింకు ఇచ్చేటప్పుడు "ఇక్కడ క్లిక్ చేయండి" అనకుండా "బ్రైడల్ బ్లౌజ్ రేట్లు" అనే మాటలకే లింకు పెట్టండి. అవతలి పేజీ దేని గురించో ఆ మాటలే గూగుల్‌కు చెబుతాయి.

చాలామంది పడే గొయ్యి ఒకటుంది. కూకట్‌పల్లి, మియాపూర్, నిజాంపేట్, బాచుపల్లి అంటూ ప్రాంతం పేరు మాత్రం మార్చి అదే పేజీని నలభై సార్లు వేయడం. వీటిని డోర్‌వే పేజీలంటారు, గూగుల్ స్పామ్ నిబంధనల్లో వీటి పేరు నేరుగా ఉంది. రెండో బ్రాంచి నిజంగా ఉంటే దానికి వేరే పేజీ, వేరే ఫొటోలు, వేరే ఫోన్ నంబర్ ఉంటాయి. అప్పుడు రాయండి. ఏఐతో రోజుకు వంద వ్యాసాలు తయారు చేసి ఇస్తామనేవాళ్ల మాట కూడా ఇదే బాపతు. ర్యాంకుల కోసం గుట్టలుగా పేజీలు తయారు చేయడాన్ని, మనిషి రాసినా ఏఐ రాసినా, 2024 మార్చిలో గూగుల్ స్పామ్ కింద చేర్చింది. ఏఐ సాయం తీసుకోవడం తప్పు కాదు, కానీ దానికి మీ రేట్లు, మీ కారిగర్ల పనితనం తెలియవు.

నాలుగో అడుగు: తెలుగులో రాసేటప్పుడు

ఇంగ్లీషు మార్గదర్శుల్లో దొరకని భాగం ఇది. మొదటిది ఫాంట్ల గొడవ. మీ పాంప్లెట్ డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించి ఉంటే, ఆ ఫైల్‌లోంచి కాపీ చేసిన అక్షరాలు సైట్‌లో పిచ్చి గీతల్లా కనిపిస్తాయి. అవి యూనికోడ్ (ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) తెలుగు కాదు కాబట్టి గూగుల్‌కు అర్థం కావు. యూనికోడ్‌కు మార్చుకోండి, లేదా ఫోన్‌లో మళ్లీ టైప్ చేయండి. పాంప్లెట్‌ను ఫొటోగా పెట్టి ఊరుకోవడం అంతకన్నా దారుణం. అందులోని రేట్లు మనుషులకే సరిగా కనిపించవు.

రెండోది పేజీ అడ్రస్. తెలుగు అక్షరాలతో యూఆర్‌ఎల్ పెడితే గూగుల్‌కు ఇబ్బందేమీ లేదు. కానీ కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే ఒక్కో తెలుగు సంకేతం తొమ్మిది ఇంగ్లీషు గుర్తులుగా విడిపోతుంది. 'మగ్గం' అనే చిన్న మాటే (మ, గ, పొల్లు, గ, సున్న అని ఐదు సంకేతాలు) 45 గుర్తులవుతుంది. అంత పొడవు లింకు చూసి ఏదో మోసం అనుకునేవాళ్లున్నారు. అందుకే పేజీ తెలుగులో ఉన్నా అడ్రస్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో, పొట్టిగా పెట్టడమే నాకిష్టం.

మూడోది, మనవాళ్లు టైప్ చేసే తీరు. ఎక్కువమంది తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు, కొందరు మైకు నొక్కి తెలుగులో అడుగుతారు. ఇన్ని స్పెల్లింగులనూ పేజీలో కుమ్మరించనక్కర్లేదు. ఊరి పేర్లలో చిన్న చిన్న తేడాలను, 'కూకట్‌పల్లిలో', 'కూకట్‌పల్లికి' లాంటి విభక్తులను గూగుల్ చాలావరకు కలిపే చూస్తుంది. కాబట్టి "మగ్గం వర్క్ కూకట్‌పల్లి రేటు" అని ముక్కలుగా కాకుండా మామూలు తెలుగు వాక్యం రాయండి. ఇంగ్లీషు, తెలుగు రెండూ కావాలంటే రెండు వేర్వేరు పేజీలు పెట్టి, ఇది ఏ భాష పేజీయో గూగుల్‌కు చెప్పే హెచ్‌రెఫ్‌ల్యాంగ్ ట్యాగ్‌తో ఒకదానికొకటి ముడిపెట్టమని మీ డెవలపర్‌కు చెప్పండి. ఒకే పేజీలో పేరా పేరాకూ భాష మారిస్తే పేజీ ఏ భాషదో తేలదు.

ఐదో అడుగు: సాంకేతిక సర్దుబాట్లు

పదిహేను పేజీల సైట్‌కు ఇది ఒక పూట పని. సెర్చ్ కన్సోల్‌లో (మీ సైట్ గూగుల్‌లో ఎలా కనిపిస్తోందో చూపించే గూగుల్ ఉచిత టూల్) మీ సైట్‌ను చేర్చి, సైట్‌మ్యాప్ (మీ పేజీల జాబితా ఫైల్) ఇవ్వండి. తర్వాత ప్రతి ముఖ్యమైన పేజీ అడ్రస్‌నూ పైన ఉన్న తనిఖీ గడిలో వేసి, అది ఇండెక్స్‌లో ఉందో లేదో చూడండి. లేకపోతే కారణం అక్కడే చెబుతుంది. వర్డ్‌ప్రెస్ సైట్లలో తరచూ కనిపించేది ఒకటే కారణం. తయారీలో ఉండగా సెర్చ్ ఇంజన్లు రావద్దని టిక్ పెట్టి, ఓపెనింగ్ అయ్యాక తీయడం మరిచిపోతారు. సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోట చూడండి.

రోబోట్స్ ఫైల్‌కూ నోఇండెక్స్ ట్యాగ్‌కూ తేడా తెలుసుకోండి. మొదటిది చదవొద్దంటుంది, రెండోది ఫలితాల్లో చూపించొద్దంటుంది. ఒకే పేజీకి రెండూ పెడితే, చదవడానికే వీల్లేదు కాబట్టి చూపించొద్దన్న మాట గూగుల్‌కు అందదు. అప్పుడు బయటి లింకులను బట్టి ఆ అడ్రస్ ఫలితాల్లోకి వచ్చే అవకాశం ఉంది.

గూగుల్ ఇప్పుడు మీ సైట్ మొబైల్ రూపాన్నే చదివి ఇండెక్స్ చేస్తుంది. కాబట్టి కంప్యూటర్‌లో కనిపించి ఫోన్‌లో మాయమయ్యే సమాచారం లేనట్టే లెక్క. వేగానికి మూడు కొలతలున్నాయి. పేజీలో పెద్ద బొమ్మ 2.5 సెకన్లలోపు రావాలి. నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందన కనిపించాలి. లోడ్ అవుతుండగా అక్షరాలు, బొమ్మలు అటూ ఇటూ గెంతకూడదు, ఆ స్కోరు 0.1 దాటకూడదు. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో మీ అడ్రస్ వేస్తే ఇవి కనిపిస్తాయి. బొటిక్ సైట్లలో దోషి దాదాపు ఎప్పుడూ ఫొటోలే. ఫోన్‌తో తీసినవి తీసినట్టే ఎక్కించేస్తారు. వెడల్పు తగ్గించి, తక్కువ సైజులో ఉండే వెబ్‌పీ అనే ఫైల్ రూపంలోకి మార్చి ఎక్కించండి. ప్రతి ఫొటోకూ ఆల్ట్ టెక్స్ట్‌గా (బొమ్మలో ఏముందో చెప్పే, కోడ్‌లో ఉండే మాటలు) "మెరూన్ బ్లౌజ్ చేతులకు కుందన్ మగ్గం వర్క్" లాంటి మామూలు వర్ణన రాయండి. నూరు స్కోరు కోసం డెవలపర్‌ను పీక్కుతినకండి. వేగం ఒక అంశం మాత్రమే, మంచి జవాబు లేని పేజీని అది గట్టెక్కించదు.

ప్రశ్నలూ జవాబుల స్కీమా (పేజీలో ఏముందో గూగుల్‌కు విడమరిచి చెప్పే కోడ్) పెడితే ఫలితాల్లో ఎక్కువ చోటు దొరుకుతుందని డబ్బు అడిగేవాళ్లుంటారు. 2023లో గూగుల్ ఆ సౌకర్యాన్ని ప్రభుత్వ, ఆరోగ్య రంగాల్లో పేరున్న సైట్లకే పరిమితం చేసింది. మీకు లోకల్ బిజినెస్ స్కీమా ఒక్కటి చాలు.

ఆరో అడుగు: లింకులు

"500 బ్యాక్‌లింకులు (వేరే సైట్ల నుంచి మీ సైట్‌కు వచ్చే లింకులు), ఇంత ధర" అనే ప్యాకేజీలు కొనకండి. మీకు నిజంగా పరిచయమున్న వాళ్ల నుంచి వచ్చే నాలుగు లింకులు వాటికన్నా మేలు. మీ దగ్గరికి పెళ్లికూతుళ్లను పంపే మేకప్ ఆర్టిస్టు, వెడ్డింగ్ ఫొటోగ్రాఫర్, పక్కనున్న చీరల షాపు, మీరు ఒకప్పుడు వర్క్‌షాప్ చెప్పిన ఫ్యాషన్ కాలేజీ. వాళ్ల సైట్‌లో పని ఫొటో కింద మీ పేరు, లింకు ఉంటే చాలు. డబ్బిచ్చి ప్రకటనగా పెట్టించుకున్న లింకుకు 'స్పాన్సర్డ్' అనే గుర్తు ఉండాలి.

మొదటి ర్యాంకు గ్యారంటీ అని ఫోన్ చేసేవాళ్లకు ఒక్క సంగతి చెప్పండి: అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ తన సలహా పేజీలోనే రాసింది. మంచి ఏజెన్సీని పెట్టుకున్నా ఫలితం కనిపించడానికి నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని కూడా అక్కడే ఉంది. ఎవరికి పని అప్పగించినా డొమైన్ (మీ సైట్ పేరు), సెర్చ్ కన్సోల్, బిజినెస్ ప్రొఫైల్ మూడూ మీ సొంత ఈమెయిల్ మీదే ఉండాలి. వాళ్లకు యూజర్‌గా అనుమతి ఇస్తే సరిపోతుంది.

ఏడో అడుగు: పంచాంగం పక్కన పెట్టుకుని లెక్క చూడండి

సెర్చ్ కన్సోల్‌లో నెలకోసారి రెండు విషయాలు చూడండి. సగటు స్థానం 8 నుంచి 20 మధ్య ఉన్న మాటలేవి? ఆ పేజీలు దాదాపు గట్టెక్కినవే, కాస్త సమాచారం, ఒక మంచి ఫొటో, ఒక లోపలి లింకు చేరిస్తే పైకి రావచ్చు. ఇక, ఎక్కువసార్లు కనిపించి తక్కువ క్లిక్‌లు వచ్చినవేవి? అక్కడ టైటిల్ మార్చి చూడండి. అయితే "మగ్గం వర్క్ అంటే ఏమిటి" లాంటి ప్రశ్నలకు క్లిక్‌లు తగ్గితే బెంగపడకండి. 2024 ఆగస్టు నుంచి ఇండియాలో ఏఐ ఓవర్‌వ్యూ, అంటే గూగుల్ ఏఐతో తయారు చేసే సారాంశం, పైనే జవాబు చెప్పేస్తోంది. షాపుకు వచ్చేవాళ్లు వెతికే మాటలు వేరు.

ఇప్పుడు అసలు చిక్కు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మూఢం వచ్చినా ఉండవు. అప్పుడు సెర్చ్‌లూ పడిపోతాయి. అది చూసి సైట్ పాడైందనుకుని టైటిళ్లన్నీ మార్చేసేవాళ్లున్నారు. నిరుటి ఇదే తేదీతో పోల్చినా తప్పే కావచ్చు. 2025లో శ్రావణం జులై 25న మొదలైంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి ఆగస్టు మధ్యకు పోతుంది. ఆగస్టు మొదటి వారాన్ని రెండేళ్లకూ పోలిస్తే శ్రావణాన్ని ఆషాఢంతో పోల్చినట్టు. కన్సోల్‌లో తేదీలను మీరే ఎంచుకునే వీలుంది, శ్రావణాన్ని శ్రావణంతోనే పోల్చండి. అందులో 16 నెలల లెక్కే ఉంటుంది, అందుకే ప్రతి నెలా డౌన్‌లోడ్ చేసి ఒక షీట్‌లో దాచుకోండి.

కొత్త పేజీలను కూడా ఈ లెక్కనే వేయాలి. మాఘ మాసం ముహూర్తాల గిరాకీ కావాలంటే బ్రైడల్ పేజీ దసరా నాటికే సైట్‌లో ఉండాలి. ఏటా కొత్త పేజీ వేయకుండా, అదే అడ్రస్‌లో ఫొటోలు, రేట్లు మార్చుతూ పోండి. పాత పేజీ సంపాదించుకున్న లింకులు, ర్యాంకు అప్పుడు దానికే ఉంటాయి.